సీసా సంచి, జాలి సంచి, ఎండ టోపీ: బయటికి వెళ్లేటప్పుడు పనికొచ్చే క్రోషే అల్లికలు

లీటరు నీళ్లు పట్టే స్టీలు సీసా నిండుగా ఉంటే కిలోంబావు దాకా తూగుతుంది. దాన్ని క్రోషే సంచిలో పెట్టి భుజానికి వేసుకుని లక్నవరం చెరువు వంతెన ఎక్కారనుకోండి. ఎక్కేటప్పుడు నడుము దగ్గర ఉన్న సీసా తిరిగొచ్చేసరికి మోకాలికి తగులుతుంటుంది. ఇలా అయిందంటే సాధారణంగా తప్పు నూలుది కాదు, అల్లిన చేతిదీ కాదు. పట్టీని సంచి పై అంచుకు కుట్టడమే తప్పు. సీసా కిందికి లాగుతుంది, పట్టీ పైకి లాగుతుంది, మధ్యలో ఉన్న జాలి రబ్బరులా సాగిపోతుంది.

ఉట్టి కట్టిన పాతకాలం వాళ్లు ఈ చిక్కును ఎప్పుడో తీర్చారు. ఉట్టిలో కుండ కింద ఒక కుదురు ఉంటుంది, తాళ్లు ఆ కుదురు నుంచే మొదలై పైన కొక్కేనికి చేరతాయి. కుండ బరువంతా తాళ్లదే. చుట్టూ ఉన్న అల్లిక కుండను పక్కకు ఒరగనీయకుండా పట్టుకుంటుంది, అంతే. సీసా సంచిని కూడా అలాగే అల్లాలి: పట్టీ ఒక పక్క నుంచి దిగి, అడుగు కింద నుంచి పోయి, రెండో పక్క పైకి ఎక్కాలి. బరువు పట్టీ మోయాలి, జాలి మోయకూడదు. ఈ ఒక్క మార్పుతో సంచి ఎన్ని ప్రయాణాలకైనా ఆకారం చెడకుండా నిలుస్తుంది.

నూలు, సూది

బయట వాడే వస్తువులకు నూలు దారమే మంచిది. తడిస్తే పత్తి దారం బలం తగ్గదు, ఇంకా కొంచెం పెరుగుతుంది. చెమట పీల్చుకుంటుంది, మెడ మీద ఒరుసుకోదు. లోపమల్లా నీళ్లు పట్టుకుని బరువెక్కడం, ఆలస్యంగా ఆరడం. అక్రిలిక్ ఊలు చవక, రంగులు చాలా దొరుకుతాయి. కానీ బరువుకు సాగి మళ్లీ వెనక్కి రాదు. వనభోజనాలకు వెళ్లి పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు ఒక నిప్పురవ్వ పడితే కరిగి గట్టి ముద్దవుతుంది. నైలాన్ తాడు తడి పట్టదు, తెగదు. అయితే జారుతుంది, కొసలు దాచినా బయటికొస్తాయి, భుజాన్ని కోస్తుంది. జాలి సంచికి నైలాన్ పర్వాలేదు గానీ సీసా సంచికి, టోపీకి వద్దు.

వరంగల్‌లో ఉన్నవాళ్లకు కొత్తవాడ దర్రీలు (జంపఖానాలు) తెలిసినవే. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దర్రీల మగ్గం దగ్గర మిగులు నూలు దొరికితే తీసుకోండి, సంచులకు బాగా పనికొస్తుంది. సన్నగా అనిపిస్తే రెండు మూడు పోగులు కలిపి ఒకటిగా అల్లండి. రంగు వేసిన నూలైతే అల్లే ముందే పరీక్ష చేయాలి: ఒక మూరెడు దారాన్ని తడిపి తెల్లబట్ట మీద గట్టిగా రుద్దండి. రంగు అంటితే ఆ నూలుతో టోపీ అల్లకండి. చెమటకు నుదుటి మీద గీత పడుతుంది, చొక్కా పాడవుతుంది.

దుకాణంలో కొనేవాళ్లు 4 పోగుల కాటన్ అల్లిక దారం, దానికి 3.5 మి.మీ. క్రోషే సూది (కొస కొక్కెంలా ఉండేది) తీసుకోండి. సూది కొలత దాని మీదే చెక్కి ఉంటుంది. ఇవి కాక ఒక 4 మి.మీ. సూది, ఒక 3 మి.మీ. సూది, పెద్ద కన్ను ఉన్న మొద్దు సూది, నాలుగైదు పిన్నీసులు, టైలరు టేపు ఉంటే చాలు.

కుట్ల పేర్ల దగ్గర చాలామంది తికమక పడతారు. ఇక్కడ సింగిల్ అంటే: సూదిని కుట్టులో గుచ్చి దారం లాగితే సూది మీద రెండు లూపులు ఉంటాయి, మళ్లీ దారం తీసుకుని రెండింటిలోంచీ ఒకేసారి లాగేయాలి. డబుల్ అంటే: ముందుగా సూదికి దారం ఒకసారి చుట్టుకుని, కుట్టులో గుచ్చి లాగితే మూడు లూపులు. రెండేసి చొప్పున రెండుసార్లు దాటించాలి. ఇది అమెరికా పద్ధతి. బ్రిటిష్ పద్ధతిలో రాసిన నమూనాలో మన సింగిల్‌నే డబుల్ అంటారు. వీడియో చూసి అల్లేటప్పుడు పేరు వినకండి, సూది మీద ఎన్ని లూపులు ఉన్నాయో చూడండి.

ముందు ముక్క అల్లి ఉతకండి

ఈ పని ఎవరికీ ఇష్టం ఉండదు, మానేసినవాళ్లే టోపీ పట్టక మొత్తం విప్పుతారు. 24 కుట్ల వెడల్పుతో 26 వరుసల సింగిల్ ముక్క ఒకటి అల్లండి. చన్నీళ్లలో ఉతికి, నీడన పరిచి ఆరబెట్టండి. ఆరాక మధ్యలో టేపు పెట్టి 10 సెం.మీ.లో ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు ఉన్నాయో లెక్కపెట్టండి. ఉతకకముందు కొలిస్తే లాభం లేదు, పత్తి నూలు మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది.

ఈ వ్యాసంలో లెక్కలన్నీ 10 సెం.మీ.కు 20 కుట్లు, 22 వరుసలు అనే కొలతకు వేసినవి. అంటే సెంటీమీటరుకు 2 కుట్లు. మీది వేరుగా వస్తే కావలసిన చుట్టుకొలతను మీ సెంటీమీటరు కుట్లతో హెచ్చించి, దగ్గరలో ఉన్న ఆరు గుణిజం తీసుకోండి. ఉదాహరణకు సెంటీమీటరుకు 1.8 కుట్లు వస్తే 24 సెం.మీ.కు 43 అవుతుంది, 42 తీసుకోండి. వరుసల లెక్క తేడా వస్తే పట్టించుకోవద్దు, టేపుతో కొలుస్తూ కావలసిన ఎత్తు రాగానే ఆపొచ్చు.

సీసా సంచి

సీసా నడుము చుట్టూ టేపు వేయండి. లీటరు స్టీలు సీసా చాలావరకు 24–25 సెం.మీ. ఉంటుంది. ఖాళీ సంచి దానికంటే ఒక సెంటీమీటరు తక్కువ ఉండాలి. సమానంగా అల్లితే నాలుగు రోజులకే వదులై సీసా లోపల గలగలలాడుతుంది. 60 గ్రాముల దారం పడుతుంది, 100 గ్రాములు కొంటే నిశ్చింత.

అడుగు: మ్యాజిక్ రింగ్ (దారాన్ని వేలికి చుట్టి చేసే, కొస లాగితే బిగిసే ఉచ్చు) వేసి అందులో 6 సింగిల్ కుట్లు. రెండో చుట్టులో ప్రతి కుట్టులో రెండేసి, మొత్తం 12. మూడో చుట్టులో ఒక కుట్టు మామూలుగా, తర్వాతి దాంట్లో రెండు, ఇలా చుట్టంతా, 18. నాలుగో చుట్టులో రెండు మామూలుగా, తర్వాతి దాంట్లో రెండు, 24. ఇలా చుట్టుకు ఆరు చొప్పున పెంచుకుంటూ పోతే 30, 36, 42, ఎనిమిదో చుట్టుకు 48. బిళ్ల అడ్డుకొలత 7.5 సెం.మీ. చిల్లర ఉండాలి. చుట్టు మొదటి కుట్టుకు పిన్నీసు పెట్టుకోండి, లేకపోతే ఏ చుట్టులో ఉన్నారో తెలియదు.

పెంచే కుట్టు ప్రతిసారీ కింది పెంపు మీదే పడితే బిళ్ల గుండ్రంగా రాదు, ఆరు మూలలు తేలుతుంది. సీసా అడుగు ఆ మూలల్లో సరిగా కూర్చోదు. అందుకే సరి చుట్లలో మామూలు కుట్లను సగం ముందు, సగం చివర వేయాలి. నాలుగో చుట్టు ఒక మామూలు కుట్టుతో మొదలై పెంపు, తర్వాత ఐదుసార్లు రెండు మామూలు–ఒక పెంపు, చివర మిగిలిన ఒక మామూలు కుట్టు. ఆరో చుట్టు రెండుతో, ఎనిమిదో చుట్టు మూడుతో మొదలవుతుంది.

బిళ్ల అంచులు గిన్నెలా పైకి లేస్తుంటే కుట్లు తక్కువ పడ్డాయి లేదా మీ చెయ్యి బిగువు. చీర కుచ్చిళ్లలా అలలు వస్తే ఎక్కువ పడ్డాయి. రెండు సందర్భాల్లోనూ ముందుకు పోకుండా లెక్కపెట్టి చూడండి. తర్వాతి చుట్టులో సర్దుకుంటుందిలే అనుకుంటే సర్దుకోదు.

మ్యాజిక్ రింగ్ కొసను బిగించి వదిలేస్తే బరువుకు నెమ్మదిగా తెరుచుకుని అడుగున నడిమధ్య కన్నం పడుతుంది. 15 సెం.మీ. కొస ఉంచి, మొద్దు సూదితో రింగ్ చుట్టూ ఒక దిక్కుకు, మళ్లీ వెనక్కి, మళ్లీ మొదటి దిక్కుకు, మూడుసార్లు దూర్చండి.

గోడ: తొమ్మిదో చుట్టులో పెంపు లేదు, 48 సింగిల్ కుట్లు. కానీ సూదిని కుట్టు వెనుక లూపులో (కుట్టు పైన కనిపించే రెండు పోగుల్లో వెనుకదాంట్లో) మాత్రమే గుచ్చాలి. దానివల్ల అడుగు, గోడ కలిసే చోట పదునైన మడత వస్తుంది, సంచి నిలబడుతుంది. మరో రెండు చుట్లు మామూలుగా అల్లి స్లిప్ కుట్టుతో (కుట్టులో గుచ్చి లాగిన దారాన్ని సూది మీదున్న లూపులోంచి కూడా ఒకేసారి లాగేసేది) కలపండి.

ఇక్కడి నుంచి జాలి. 4 చైన్లు (సూది మీదున్న లూపులోంచి దారం లాగుతూ వేసే గొలుసు కుట్లు) వేయండి, ఇవి ఒక డబుల్, ఒక చైన్ కింద లెక్క. ఒక కుట్టు వదిలి తర్వాతి దాంట్లో డబుల్, ఒక చైన్, మళ్లీ ఒకటి వదిలి డబుల్, ఒక చైన్. చుట్టంతా 24 గళ్లు రావాలి. చివర మూడో చైన్‌లో స్లిప్ కుట్టుతో కలపండి. తర్వాతి చుట్లలో డబుల్ మీద డబుల్, గడి మీద చైన్. ఇలా 14 చుట్లు. అల్లిక పట్టే సమయం, దారం, సంచి బరువు మూడూ తగ్గడానికే ఈ జాలి. సీసా మీద పట్టే తడి ఆరడానికి కూడా గాలి ఆడాలి.

పైన నాలుగు చుట్లు సింగిల్: ప్రతి డబుల్ మీద ఒకటి, ప్రతి గడిలో ఒకటి, మళ్లీ 48. ఎత్తు 16–17 సెం.మీ. వస్తుంది. సీసా ఎత్తులో మూడింట రెండు వంతులు సంచి ఉండాలి. ఎందుకంటే నిండు సీసా బరువు దాని నడుము దగ్గర కేంద్రీకరించి ఉంటుంది. పట్టీ పట్టు దానికంటే పైన లేకపోతే మీరు కిందికి వంగినప్పుడు సీసా తలకిందులై జారుతుంది. రామప్ప గుడిలో శిల్పాలు చూడ్డానికి వంగినప్పుడు సీసా కింది రాతి మీద పడేది ఇందుకే.

పట్టీ: సంచి కంటే పట్టీకే దారం ఎక్కువ పడుతుంది, ఓపిక కూడా. చాలామంది 5 కుట్ల వెడల్పున అటూ ఇటూ తిరుగుతూ పొడుగ్గా అల్లుకుంటూ పోతారు. అలా అల్లిన పట్టీ వరుసకూ వరుసకూ మధ్య సాగుతుంది. పొడవైన చైన్ వేసి, దాని మీద పొడుగునా అల్లండి. అప్పుడు సాగేది చాలా తక్కువ.

ఒక తుంటి నుంచి ఎదుటి భుజం మీదుగా తిరిగి అదే తుంటి దాకా టేపుతో కొలవండి. మామూలు ఎత్తువాళ్లకు 110–120 సెం.మీ. వస్తుంది. దానికి సంచి ఎత్తు రెండింతలు, అడుగు వెడల్పు కలపాలి. 115 అనుకుంటే దాదాపు 155 సెం.మీ., అంటే 310 కుట్లు. 4 మి.మీ. సూదితో 311 చైన్లు వేయండి. చైన్ ఎప్పుడూ బిగుతుగానే పడుతుంది, అందుకే పెద్ద సూది. 3.5 మి.మీ. సూదికి మారి రెండో చైన్ నుంచి సింగిల్ మొదలుపెట్టండి. చైన్‌ను తిరగేస్తే వెనుక చిన్న గడ్డల్లాంటి లూపులు వరుసగా కనబడతాయి. సూది వాటిలో గుచ్చితే చైన్ ముందుభాగం జడలా అంచున నిలుస్తుంది, రెండంచులూ ఒకేలా ఉంటాయి. అయిదు వరుసలకు 2.3 సెం.మీ. వెడల్పు వస్తుంది. భుజాన్ని కోయకుండా ఉండటానికి ఆ మాత్రం కావాలి.

తర్వాత రెండు పొడుగు అంచులకూ స్లిప్ కుట్టు వేయండి. సాగుడును ఆపేది ముఖ్యంగా ఈ అంచే. అయితే బిగించి వేస్తే పట్టీ విల్లులా వంగుతుంది. ముప్పై కుట్లకోసారి నేల మీద పరిచి చూడండి. వంగుతుంటే ఆ ముప్పై విప్పి 4 మి.మీ. సూదితో వేయండి.

సంచికి కుట్టకముందే పట్టీకి ఒక రాత్రి పరీక్ష పెట్టాలి. పట్టీని సగానికి మడిచి మేకుకు తగిలించండి. రెండు కొసలనూ కలిపి ఒక బట్టపేలికతో నిండు నీళ్ల సీసా మెడకు కట్టి వేలాడదీయండి. పొద్దున విప్పి కొలవండి. కొన్ని సెంటీమీటర్లు పెరిగి ఉంటుంది. ఇప్పుడున్నదే దాని అసలు పొడవు. మీరు అనుకున్న కొలతకు మించిందంతా అతుకులో మడతపెట్టేయొచ్చు. పొడుగునా అల్లిన పట్టీని విప్పి పొట్టి చేయడం కుదరదు, అందుకే కుట్టేముందే ఈ పరీక్ష.

ఇంకా సాగుతుందని అనుమానం ఉంటే పట్టీ వెనుక పత్తి నవారు సన్నపు పట్టీ గానీ, వెడల్పాటి లంగా నాడా గానీ పెట్టి చేత్తో కుట్టేయండి. నవారు పడితే సాగుడన్న మాటే ఉండదు.

కుట్టడం: ఇది తొందరపడితే చెడిపోయే చోటు. చుట్టు చుట్టుకూ కలుపుతూ వచ్చిన అతుకు గీత నిటారుగా పైకి పోదు, కొంచెం పక్కకు వాలుతూ ఎక్కుతుంది. ఆ గీత వెంబడి పట్టీ కుడితే సంచి మెలిక పడుతుంది. సంచిని సీసాకు తొడగండి. సీసాను బల్ల మీద నిలబెట్టి, ఎదురెదురుగా రెండు చోట్ల పైన ఒక పిన్నీసు, కింద ఒక పిన్నీసు నిలువుగా పెట్టండి. అడుగున రింగ్ మీదుగా ఒక పిన్నీసు. పట్టీని ఈ పిన్నీసుల గుండా పోనిచ్చి, సీసా తీయకుండానే పై అంచు దగ్గర, గోడ మడత దగ్గర నాలుగేసి కుట్లు తాత్కాలికంగా వేయండి. ఒకసారి భుజానికి వేసుకుని నడిచి చూడండి. సీసా నిటారుగా ఉంటే అప్పుడు తీసి, అదే దారంతో పట్టీ రెండంచులూ పూర్తిగా కుట్టండి. జాలి గళ్ల మీద కుట్టేటప్పుడు సూదిని డబుల్ కుట్టు కాడలోంచి పోనివ్వాలి, ఒంటి చైన్‌కు తగిలిస్తే అది తెగుతుంది.

పట్టీ రెండు కొసలు కలిసే అతుకు 5 సెం.మీ. మేర ఒకదాని మీద ఒకటి ఎక్కి సంచి పక్కగోడ మీద ఉండాలి. భుజం మీద వస్తే ఒరుసుకుంటుంది. అడుగున వస్తే నేల మీద పెట్టినప్పుడల్లా రాపిడికి అరుగుతుంది.

దారం మధ్యలో అయిపోతే ముడి వేసి అల్లుకుపోకండి. బరువు పడ్డప్పుడు ముడి జారుతుంది, లేదా కుట్టులోంచి బయటికి తన్నుకొస్తుంది. కుట్టు చివరి రెండు లూపులు సూది మీద ఉన్నప్పుడు పాత దారం వదిలి కొత్తది లాగండి. రెండు కొసలూ 15 సెం.మీ. ఉంచి తర్వాత రెండు దిక్కులకూ దాచేయండి.

తడి బట్టలకు జాలి సంచి

జంపన్నవాగులోనో, బొగత జలపాతం దగ్గరో స్నానం చేశాక తడి బట్టలు పాలిథిన్ కవరులో కుక్కితే ఇంటికొచ్చేసరికి వాసన. జాలి సంచిలో వేసి కొమ్మకు తగిలిస్తే నీళ్లు కారిపోతాయి, ఇసుక కూడా రాలిపోతుంది. దీనికి కష్టపడాల్సింది తక్కువ.

సీసా సంచి లెక్కలోనే పది చుట్లు అడుగు అల్లండి, 60 కుట్లు వస్తాయి. తర్వాత 5 చైన్లు, రెండు కుట్లు వదిలి మూడో దాంట్లో సింగిల్, ఇలా 20 లూపులు. అక్కడి నుంచి కలపకుండా చుట్టూ తిరుగుతూ 6 చైన్లు, కింది లూపు మధ్యలో ఒక సింగిల్. 18 చుట్లు చాలు. చివర ప్రతి లూపులో 4 సింగిల్, మొత్తం 80. ఆ పైన నాలుగు చుట్లు గట్టి అంచు. 60 సెం.మీ. పట్టీని పైన చెప్పినట్టే పొడుగునా అల్లి, అంచు నాలుగు చుట్ల ఎత్తంతా ఆనేలా రెండు పక్కలా కుట్టండి.

ఇక్కడ జాలి సాగడం లోపం కాదు, అదే దీని గుణం. ఖాళీగా అరచేతిలో ఇమిడి, నింపితే రెండు తువ్వాళ్లు, రెండు జతల బట్టలు పడుతుంది. కానీ 18 చుట్లకు మించి లోతు పెట్టకండి. తడి బరువుకు సంచి పొడవు దాదాపు ఇంకో సగం పెరుగుతుంది, చిన్నపిల్ల భుజానికి వేస్తే నేలకు ఈడుస్తుంది. సీసాలు, టిఫిను డబ్బాలు ఇందులో వేయొద్దు. బరువంతా రెండు మూడు లూపుల మీద పడి అక్కడే తెగుతుంది. తాళాలు, చిల్లర అసలే వద్దు.

అరటిపండ్లు, జామకాయలు వేసుకుని గుళ్ల దగ్గరికి, అడవి దారిలోకి వెళ్లేవాళ్లు జర పైలం. జాలిలోంచి పండ్లు బయటికి కనబడతాయి, కోతులు నేరుగా సంచికే వస్తాయి. సద్ది, పండ్లు మామూలు గుడ్డ సంచిలో మూసి పెట్టుకోవడమే మేలు. ఫోనుకు కూడా క్రోషే సంచి అల్లమని ఎవరికీ చెప్పం. ఎంత గట్టిగా అల్లినా నీళ్లు దిగుతాయి, వాగు దగ్గర అది ఫోనును కాపాడదు.

ఎండ టోపీ

తల చుట్టుకొలత నుదురు మీదుగా, చెవుల పైనుంచి కొలవండి. 56 సెం.మీ. ఉంటే టోపీ 54 ఉండాలి, అంటే 108 కుట్లు. 150 గ్రాముల దారం దగ్గర పెట్టుకోండి.

సీసా సంచి అడుగులాగే మొదలుపెట్టి 14 చుట్ల దాకా చుట్టుకు ఆరు పెంచండి, 84 కుట్లు. అక్కడి నుంచి చుట్టు విడిచి చుట్టు పెంచండి: 15 మామూలు, 16లో 90, 17 మామూలు, 18లో 96, అలా 22వ చుట్టుకు 108. పెంపు నెమ్మదించడంతో టోపీ నెత్తి మీద బల్లపరుపుగా కాక తలలాగే గుండ్రంగా దిగుతుంది. తర్వాత పెంపు లేకుండా 40వ చుట్టు దాకా. నడినెత్తి నుంచి అంచు దాకా 18 సెం.మీ. రావాలి. పెట్టుకుని చూడండి, కనుబొమలకు రెండు వేళ్ల పైన ఆగితే సరి.

అంచు రెక్కకు 3 మి.మీ. సూదికి మారండి. మొదటి చుట్టు ముందు లూపులో మాత్రమే గుచ్చుతూ, ఎనిమిది మామూలు, తొమ్మిదో దాంట్లో రెండు, మొత్తం 120. ఒకేసారి 12 పెంచినందువల్ల రెక్క బయటికి తిరుగుతుంది. తర్వాత చుట్టుకు ఆరే పెంచాలి. పెంచే చోటు చుట్టు చుట్టుకూ మార్చండి. మొత్తం 14 చుట్లకు దాదాపు 6 సెం.మీ. రెక్క, చివర 198 కుట్లు. ఎనిమిది తొమ్మిది చొప్పున పెంచితే రెక్క అందంగా అలలు పోతుంది గానీ గాలికి కళ్ల మీద పడుతుంది.

అల్లిన రెక్కను ఎండకెదురుగా పట్టుకోండి. నేల మీద నీడలో వెలుగు చుక్కలు కనిపిస్తే కుట్లు వదులు. అలాంటి టోపీ పెట్టుకుంటే ముఖం మీద మచ్చలు మచ్చలుగా కమిలిపోతుంది. పాకాల చెరువు కట్ట మీద మిట్టమధ్యాహ్నం నడిచేవాళ్లకు పూల జాలి టోపీ ఎందుకూ పనికిరాదు, సింగిల్ కుట్టే కావాలి.

పత్తి రెక్క చెమటకు, తడికి వాలిపోతుంది. చివరి చుట్టులో 1 మి.మీ. మందం నైలాన్ గాలపు తీగను అంచు మీద ఆనించి, కుట్టు తీగ చుట్టూ పడేలా అల్లండి. రెక్క చుట్టుకొలత మీటరు దాకా ఉంటుంది, తీగ ఒక జానెడు ఎక్కువ తీసుకోండి. చివర రెండు కొసలూ 5 సెం.మీ. ఒకదాని మీద ఒకటి రావాలి. కొసలను అగ్గిపుల్లతో కాల్చి గుండ్రంగా చేయండి, లేకపోతే నూలును పొడుచుకుని బయటికొచ్చి చెంపకు గుచ్చుకుంటాయి. ఇనుప తీగ పెట్టొద్దు, తుప్పు మరక పోదు.

రాతి మీద కూర్చోవడానికి

పాత నూలు చీరను 3 సెం.మీ. పట్టీలుగా చింపి, అంచు దాకా చింపకుండా ఆపి అటూ ఇటూ తిప్పుతూ పోతే ఒకే పొడవాటి దారం వస్తుంది. 10 మి.మీ. సూదితో అదే ఆరు లెక్కన 15 చుట్లు అల్లితే 40 సెం.మీ. అడ్డుకొలత ఆసనం. ఒక చీరలో నూలు మిగులుతుంది. సిల్కు, పాలిస్టర్ చీరలు జారతాయి, వద్దు. చేతి మణికట్టు నొప్పి పుడుతుంది కనుక రోజుకు నాలుగైదు చుట్లకు మించి అల్లకండి.

ఉతకడం

చన్నీళ్లు, కొంచెం సబ్బు, చేత్తో ఒత్తడం. పిండకుండా తువ్వాలులో చుట్టి అదిమితే నీళ్లు పోతాయి. దండెం మీద వేలాడదీస్తే తడి బరువుకు సాగిన సంచి మళ్లీ ముడుచుకోదు, కాబట్టి మంచం మీద నీడలో పరచండి. సీసా సంచిని ఖాళీ సీసాకు తొడిగి ఆరబెడితే ఆకారం కుదురుతుంది. టోపీని తలంత గిన్నె బోర్లించి దాని మీద పెట్టండి. వానాకాలంలో పైన ఆరినట్టున్నా పట్టీ అడుగు కింద పోయే చోట, నవారు వేసిన చోట తడి నిలుస్తుంది. అక్కడే ముందు బూజు పడుతుంది. వేలితో నొక్కి చూసి, చల్లగా తగిలితే ఇంకో రోజు ఆరనివ్వండి.